గాజుగొట్టం అడుగున గుర్తు

“ఈ గోడల మధ్య పని చేసినవాడి పేరును ఎవరూ చెరపరు.”

తూర్పుతీర భౌతిక పరిశోధనాలయం తెరిచిన రోజున డైరెక్టరు గారు మెడలో దండతో అన్న మాట ఇది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. చేతులు మండేలా కొట్టాను.

ఆరేళ్ల తర్వాత, 1957 సెప్టెంబరులో, లండన్ పత్రిక ఒకటి మా కాకినాడకు వచ్చింది. వెలిగే వాయువు కాంతిలో అంతకుముందు ఎవరూ చూడని రెండు గీతల గురించి అందులో వ్యాసం ఉంది. ఆ గీతల్ని ఫోటో ఫలకం మీద మొదట చూసింది నేను. మూడేళ్లు కూర్చుని కొలిచింది నేను. వ్యాసం రాసి ఇచ్చింది కూడా నేనే. అచ్చులో డైరెక్టరు గారి పేరు ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రమే ఆయనకు ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో, నాలుగు పేజీలు. శ్రమను దోచుకునేవారిని చరిత్ర క్షమించదన్నాను. సింహాసనాలు కూలుతాయన్నాను. శ్రమజీవి మేల్కొన్నాడన్నాను. మాటలు కరపత్రాల్లోవి. కోపం మాత్రం నాదే.

మర్నాడు ఉదయం దాన్ని సుందరం మాస్టారి ముందు పెట్టాను. నాకు పరిశోధన నేర్పింది ఆయనే. డైరెక్టరు గారు కాస్తో కూస్తో జంకే మనిషి కూడా ఆయనొక్కరే. నా ఒక్కడి సంతకంతో వెళితే ఉత్తరం చెత్తబుట్టలో పడుతుంది, నేను వీధిలో పడతాను. మాస్టారి సంతకం కావాలి.

ఆయన నింపాదిగా చదివారు. పెన్సిలుతో అక్కడక్కడ ఒక మాట కింద గీత గీశారు.

“శ్రమ అని ఏడుసార్లు రాశావు, అవతారం.”

“అవునండి.”

“ఎవరిది?”

“నాదండి.”

మాస్టారు లేచి, బల్లకు బిగించి ఉన్న గాజుగొట్టాన్ని విప్పారు. వాయువు వెలిగేది ఆ గొట్టంలోనే. దాన్ని తలకిందులు చేసి నా చేతిలో పెట్టారు. ఫలకాలు చూడడానికి నేను వాడే భూతద్దం కూడా ఇచ్చి, వెళ్లి కూర్చుని వేరే కాగితాలు చూసుకోసాగారు.

నాకు ఒళ్లు మండింది. నా బతుకు పోతుంటే ఈయన గాజు చూడమంటున్నారు. అయినా చూశాను.

అడుగున ఆకురాయి మొనతో గీసిన గుర్తు. గోరంత. జ 23.

వెంట్రుకలో పదోవంతు గీతను పట్టుకున్నానని మురిసిన కళ్లు నావి. ఆ గొట్టాన్ని మూడేళ్లుగా రోజూ నేనే తుడుస్తున్నాను.

వెనక షెడ్డుకి వెళ్లాను. గాజు ఊదే జక్రయ్య మంట ముందు ఉన్నాడు. బుగ్గలు పూరించి ఉన్నాడు గనక వెంటనే పలకలేదు. ఊదడం అయ్యాక, ఆ ఇరవై మూడేమిటని అడిగాను.

“ఇరవై మూడోదండి. ముందు చేసిన ఇరవై రెండూ చల్లారేటప్పుడు పగిలిపోయాయి. వాటిలో రెండే మీకు తెలుసు. ఆ రెండింటికీ బాగానే తిట్టారు లెండి.”

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పత్రిక తెరిచి చూపించాను. మసి చేతులని, దగ్గరికి రాకుండా మెడ సాచి చూశాడు. ఇంగ్లీషు చదవడం రాదని, తెలుగైతే కూడబలుక్కుంటానని అన్నాడు. ఆ పేజీ మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

“నా పేరు మాత్రం ఇంగ్లీషులోనైనా గుర్తుపడతాను బాబూ. అందులో ఉందా?”

డైరెక్టరు గారు ఏ పేరు కొట్టేశారో నాకు తెలుసు. ఈ పేరు ఆయన కొట్టేయలేదు. నేను రాస్తే గదా కొట్టేయడానికి. గొట్టం ఇక్కడే తయారైందని మాత్రం రాశాను, అదేదో చెట్టుకు కాసినట్టు.

విసురుగా వెనక్కి వచ్చి మాస్టారి బీరువా తెరిచాను. ఆయన అచ్చు వేయించిన వ్యాసాలు పదకొండు. ఒక్కొక్కటీ తిరగేసి బల్ల మీద పడేశాను. ఆయన ఆపలేదు.

“వీటికి గొట్టాలు ఎవరు ఊదారండి?”

“జక్రయ్యే.”

“ఎక్కడా లేడే.”

“లేడు.”

నాలుగు పేజీలూ చింపేశాను. కొత్తగా ఒక్క పేజీ రాశాను, తెలుగులో. ఈ వ్యాసానికి పత్రికలో సవరణ వేయించాలి. అందులో జక్రయ్య పేరు ఉండాలి, నా పేరు ఉండాలి. నేను రాసిన ప్రతిలో కూడా జక్రయ్య పేరు లేదు, ఆ తప్పు నాది. శ్రమ అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. కింద సంతకం చేసి, దాని పక్కన చోటు వదిలి, కాగితం మాస్టారి వైపు తోశాను.

ఆయన కలం ఆ చోటుకి రాలేదు. కాగితం పైన, ‘డైరెక్టరు గారికి’ అన్న మాట పక్కన ఆగింది. ‘భమిడి సుందరానికి’ అని తన పేరూ చేర్చారు.

“గడువు పెట్టు,” అన్నారు.

పెట్టాను.

“మీరిద్దరూ 1957 సెప్టెంబరు 30, సోమవారం సాయంత్రం అయిదు గంటలలోగా జవాబు చెప్పాలి.”