పడమటి గిన్నె

మొదటిరోజు పైడిరాజు పీఠం మీద ఉన్న వస్తువులు పంతొమ్మిది. అరవై మూడో రోజుకి అవి నలభై ఒకటి అయ్యాయి. రోజుకి నలభై నిమిషాల చొప్పున రెండువేల ఐదువందల ఇరవై నిమిషాలు, అంటే నలభై రెండు గంటలు, ఆ పీఠం ముందు కూర్చున్నాడు. ఫలితం సున్నా. ఈ లెక్కంతా కట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే నూకరత్నం టీచరు ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే అడిగాడు:

"టీచరమ్మా, ఆమె నాతో ఎందుకు పలకడం లేదు?"

ఆమె అంటే సముద్రం.

నూకరత్నం గారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. విశాఖకి ఉత్తరంగా, ఒడ్డునే ఉన్న ఆ చిన్న పట్నంలో ఆవిడ తనను తాను మంత్రగత్తెనని చెప్పుకుంటుంది. "ఆ మాట అంటగట్టి ఎంతమంది ఆడవాళ్లని కొట్టారో నాకు తెలుసు. అందుకే నేనే తీసి పెట్టుకున్నాను. నా నోటితో నేనే అన్నాక ఇంకొకళ్లు అనడానికి ఏం మిగులుతుంది?" అంటుంది. ఆవిడ విద్యలో చేతబడులు లేవు, బొమ్మలూ మేకులూ లేవు. ఇంట్లో ఒక పీఠం, దాని మీద నాలుగు దిక్కులా గాలికీ నిప్పుకీ నీటికీ మట్టికీ ఒక్కొక్క గుర్తు, నడిమధ్యన ఎవరి దేవత వాళ్లది. రోజూ కాసేపు దాని ముందు కూర్చోవడం. చంద్రుడు పెరిగేటప్పుడు ఒకటి కోరడం, తరిగేటప్పుడు ఒకటి వదలడం. పై దేశాల్లో ఈమధ్యకాలంలో పుట్టిన ఈ పద్ధతిని ఆవిడ పుస్తకాలు తెప్పించుకుని చదివి పట్టుకుంది. ఆదివారాలు ఐదారుగురు ఆవిడ దగ్గర చేరుతారు.

అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆవిడకి బడిలోనే లేదు. ఉత్తరం ఎటని అడిగిన పిల్లని ఎండలో నిలబెట్టి, నీడ అన్నిటికన్నా పొట్టిదయ్యేదాకా చూస్తూ ఉండమనేది. ప్రశ్న ఎవరిదో పని వాళ్లదే అని ఆవిడ సిద్ధాంతం.

పైడిరాజుకి ఇరవై నాలుగేళ్లు. టైల్స్ షాపులో కొలతలు వేస్తాడు. గది పొడవు, వెడల్పు చెబితే చాలు, కాగితం ముట్టకుండా ఎన్ని పెట్టెలు కావాలో, ఎన్ని ముక్కలు వృథా పోతాయో చెప్పేస్తాడు. ఎవరో నేర్పేదాకా ఆగే మనిషి కాదు. టీచరమ్మ దగ్గర ఒక పుస్తకం అరువు తీసుకుని, రెండో వారం తిరక్కుండానే గదిలో పీఠం నిలబెట్టేశాడు. తూర్పున ఈక, దక్షిణాన కొవ్వొత్తి, పడమట నీళ్ల గిన్నె, ఉత్తరాన ఉప్పు. పుస్తకంలో ఎలా ఉందో అలా, కొలబద్ద పెట్టి మరీ.

అతను ఈ దారికి రావడానికి కారణం ఒకటే. చిన్నప్పటినుంచి అలలమీద పెరిగినవాడు. తెల్లారితే ఈత కొట్టందే కాఫీ తాగేవాడు కాదు. రెండేళ్ల కిందట ఒక అల అతన్ని లోపలికి లాక్కుపోయింది. ముగ్గురు జాలర్లు జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. ఆ రోజునుంచి ఇప్పటిదాకా అతని పాదం తడవలేదు. ఇసుక మీదికి కూడా పోలేదు. ఆ నీళ్లు లేకుండా బతకడం మాత్రం అతనికి చేతకాలేదు. పీఠం మీద పిలిస్తే ఆమె తనంతట తాను వచ్చి సంధి చేసుకుంటుందని ఆశపడ్డాడు.

"ఇవాళ ఏదో ఒకటి తేలాలి," అన్నాడు ఇప్పుడు. "తేలకపోతే పీఠం ఎత్తేస్తాను. మళ్లీ ఈ గుమ్మం ఎక్కను. నలభై ఒకటీ దమయంతక్కకి ఇచ్చేస్తాను."

దమయంతి పోస్టాఫీసులో పనిచేస్తుంది. అందరికన్నా ముందు వచ్చి చాప మీద కూర్చుని పల్లీలు వలుస్తోంది. "ఆ నల్లపిడి కత్తి మాత్రం నాకొద్దు తమ్ముడూ," అంది తలెత్తకుండా. "పూజలో దాంతో చుట్టూ వలయాలే గియ్యాలిట. వంకాయ కూడా తెగదు."

టీచరమ్మ నవ్వలేదు. "నీళ్ల గిన్నె ఎటు పెట్టావు?" అని అడిగింది.

"పుస్తకంలో ఉన్నట్టే. పడమట."

"నువ్వు ఎటు తిరిగి కూర్చుంటావు?"

"నీళ్ల వైపే, టీచరమ్మా. పడమటికి."

"సరే. లోపల రాగి గిన్నె ఉంది, తీసుకో. నీ పీఠం మీద ఆమె ఎటుందో అటు నడు. ఉప్పునీళ్లు తగిలిన చోట ముంచి పట్టుకురా. ఇవాళ మన పూజకి ఆ నీళ్లు కావాలి. బావి నీళ్లూ కుళాయి నీళ్లూ పనికిరావు."

పైడిరాజు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. లెక్క తేలిపోయింది. "అటు సముద్రం తగలాలంటే దేశం అడ్డంగా దాటాలి టీచరమ్మా. వెయ్యి అరవై కిలోమీటర్లు. గంటకి ఐదు చొప్పున, రోజుకి పది గంటలు నడిస్తే ఇరవై ఒక్క రోజులు, పైన రెండు గంటలు."

"అరవై మూడు రోజులు ఓపిక పట్టినవాడివి. ఇరవై ఒక్కటికి కంగారెందుకు?"

"చేరగానే ఉత్తరం రాయి," అంది దమయంతి. "స్టాంపు నేను అంటిస్తాను."

అతను తెలివితక్కువవాడేం కాదు. ఇటు ఈ మాటలు నడుస్తుండగానే పెరటి వెనక అలలు విరుగుతున్న చప్పుడు అతని చెవిలో పడుతూనే ఉంది. అయినా గిన్నె తీసుకుని, వీధిలోకి దిగి, సూర్యుణ్ణి వీపు మీద పెట్టుకుని నడక మొదలుపెట్టాడు. గురువు చెప్పిన పని చేస్తున్నానని అనుకున్నాడు. ఇది ఓర్పుకి పరీక్ష అనుకున్నాడు. అసలు సంగతి అతని కాళ్లకి తెలుసు. పడమటికి వెయ్యి అరవై కిలోమీటర్లు ఒప్పుకున్న ఆ కాళ్లు, తూర్పుకి నాలుగువందల గజాలు ఒప్పుకోవు.

జీడితోటలు దాటాడు. ఇటుక బట్టీ దాటాడు. రెండు గంటలు నడిచి, తొమ్మిది కిలోమీటర్లు పోగా ఇంకా వెయ్యిన్నీ యాభై ఒకటి మిగిలి ఉన్నాయని లెక్క సరిచూసుకుంటూ, పెద్దరోడ్డు కూడలిలో సంత జరిగే చోటికి చేరాడు. గొంతు ఎండిపోయింది. ఒక కొబ్బరాకుల పందిరి కింద చేపలమ్మే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. అందులో పోలమ్మ అనే ఆవిడ, అరవై దాటిన మనిషి, అతన్నీ గిన్నెనీ కిందనుంచి పైదాకా చూసింది.

"ఏటి బాబూ, గిన్నెట్టుకుని ఎటెల్తన్నావు? సదువుకున్నోడిలా ఉన్నావు, అడుక్కుంటన్నావేటి?"

"లేదు పిన్నీ. సముద్రం నీళ్లు తేవాలి."

పోలమ్మ పక్కనున్న ఆవిడ్ని మోచేత్తో పొడిచింది. "ఇన్నావేటే? సముద్రం నీళ్లంట! ఇటెల్తన్నాడు!" పందిరి కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నవ్వు పాకింది. ఒకావిడ ఈగలు తోలే ఆకు ఎత్తి, కొండలకేసి చూపించి, "ఆ కొండెక్కి దిగితే ఇంకో కొండ కనిపిస్తాది బాబూ, జాగర్త," అంది.

నవ్వు తగ్గాక పోలమ్మ గంప పక్కకి జరిపి అతనికి చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది. "తెల్లారగట్ల దాని దగ్గర్నించే ఈ గంప తెచ్చాను. అది నీ ఈపెనకాల ఉంది. దాన్నొగ్గేసి ఇటెందుకెల్తన్నావు నాయనా? ఆవిడితో తగువేటి?"

పైడిరాజు నోరు తెరిచాడు. పుస్తకం గురించీ దిక్కుల గురించీ అరవై మూడు రోజుల గురించీ చెబుదామనుకున్నాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"తగువు కాదు పిన్నీ. భయం."

రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఎవరూ నవ్వలేదు.

"ఓస్, అంతేనా?" అంది పోలమ్మ. "భయం నాకు లేదేటి? మా ముసిలోడికి లేదేటి? నలభయ్యేళ్లనించి ఏటకెల్తన్నాడు, దినదినమూ భయమే. భయపడు బాబూ, ఎవలొద్దన్నారు? ఎదరగా నిలబడి భయపడు. ఈపు తిప్పీసి భయపడితే అదెంతుందో నీకేటి తెలుస్తాది?"

కొలతలు వేసి బతికేవాడికి ఆ మాట సూటిగా తగిలింది. చూడకుండా కొలిచినది ఏదీ నిలవదని అతనికి తెలుసు. గది చూడకుండా, కొనేవాళ్లు ఉజ్జాయింపుగా చెప్పిన కొలతలకి పెట్టెలు లెక్కగట్టిన రోజు ఎప్పుడూ పదో పన్నెండో ఎక్కువే వచ్చేవి. ఈ రెండేళ్లలో ఆ అల అతని మనసులో ఎంతెత్తు పెరిగిందో!

అక్కడే, ఆ పందిరి కింద, ఇంకో లెక్క కూడా దానంతటదే తేలింది. ఆ పుస్తకం రాసిన ఆవిడ ఊళ్లో సముద్రం పడమట ఉండి ఉంటుంది. తన కిటికీలోంచి చూసి, ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. అతను తన కిటికీ మూసుకుని ఆవిడ కిటికీలోంచి చూశాడు. నలభై రెండు గంటలు. అన్ని గంటలూ పిలిచినవాడి వీపే ఆమె వైపు ఉంది.

"పిన్నీ, వస్తాను," అని చెంబు చేతికిచ్చి, ఊరివైపు పోతున్న షేర్ ఆటోకి అడ్డంపడ్డాడు.

"బేగెల్లు బాబూ! ఎండెక్కితే ఇసక కాలతాది!" అని వెనకనుంచి పోలమ్మ అరిచింది.

టీచరమ్మ వీధిలోనే ఉన్న తన గదికి చేరగానే తూర్పుగోడ దగ్గరికి పోయాడు. అక్కడ కిటికీకి అడ్డంగా టైల్స్ నమూనాల పెట్టెలు పదకొండు పేర్చి ఉన్నాయి. గదిలో దిగిన రోజున చోటు చాలదన్న వంకతో తనే పేర్చాడు. ఒక్కొక్కటీ ఈడ్చి అవతల పడేశాడు. తుప్పు పట్టిన గడియ రాలేదు. రుబ్బురాయి పొత్రంతో కొడితే వచ్చింది. కిటికీ తెరుచుకోగానే ఉప్పుగాలి లోపలికి దూకి, రెండు కొవ్వొత్తుల్ని పడగొట్టి, తూర్పున పెట్టిన ఈకని పడమటి గోడకి ఎగరేసుకుపోయింది. పైడిరాజు గట్టిగా నవ్వాడు. పీఠాన్ని రెండు చేతులా పట్టుకుని, దాని మీది సరంజామా దొర్లుతున్నా లెక్కచెయ్యకుండా, కిటికీకి ఎదురుగా తిప్పాడు. పడమటనున్న నీళ్లు నేరుగా తూర్పుకి వచ్చాయి.

ఆ తర్వాత టీచరమ్మ రాగి గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడు. గుమ్మంనుంచి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నూటపది దగ్గర వలలు ఆరేసిన గడ్డి. రెండువందల నలభై దగ్గర ఇసుక. మూడువందల పద్దెనిమిది దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా ఉంది. నీలం కాదు, ఆకుపచ్చా కాదు, ఎండలో మండుతున్న ఒక వెడల్పు. ఏడాదిలో ఆ రోజుల్లో ఆమె నెమ్మదిగానే ఉంటుంది. అలలు మోకాలెత్తున లేచి విరుగుతున్నాయి. ఒడ్డున నలుగురు ఆడవాళ్లు ఖాళీ గంపలు కడుక్కుంటున్నారు. రెండేళ్లుగా అతని తలలో తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉన్నది, ఇక్కడ ఇంతే ఉంది. గుండె దడదడలాడుతూనే ఉంది. అది దడదడలాడుతుండగానే అడుగు పడింది. మూడువందల పంతొమ్మిదా, ఇరవయ్యా? లెక్క తప్పిపోయింది. పుట్టాక అతనికి లెక్క తప్పడం అదే మొదలు.

తడి ఇసుక. చల్లదనం పాదం కిందికి పాకింది. మొదటి అల చీలమండలు చుట్టి, మడమల కింద ఇసుక తోడుకుపోయింది. అతను ఊగాడు, పడలేదు. రెండోది పిక్కల దాకా వచ్చింది. మూడోది మోకాళ్లకి కొట్టి ముఖం మీద చిమ్మింది. అరవై మూడు రోజులు కంఠతా పెట్టి చదివిన ఆవాహన గీతం పన్నెండు చరణాలు. ఒక్క చరణమూ గుర్తుకు రాలేదు.

"వచ్చాను," అన్నాడు. "అమ్మా, నేనే. వచ్చాను!"

నాలుగో అల పెద్దగా చప్పుడు చేస్తూ విరిగి అతన్ని నడుం దాకా తడిపింది. జవాబు అదేనని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గంపలు కడిగే ఆడవాళ్లలో ఒకావిడ వేలు నోట్లో పెట్టి ఈల వేసింది. రాగి గిన్నె నిండా ముంచి, రెండు చేతులతో తలపైకి ఎత్తి, గొంతు చించుకుని అరిచాడు. ఏమని అరిచాడో తరవాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు.

ఆ కేకకి టీచరమ్మా, దమయంతీ పెరటి వాకిలి తీసుకుని ఇసుకలోకి వచ్చారు. దమయంతి పల్లీల చేట చంకన పెట్టుకునే పరిగెత్తింది. "ఇరవై ఒక్క రోజులన్నాడు, నాలుగు గంటల్లో తెచ్చాడు! మా పోస్టాఫీసులో ఉత్తరం కూడా ఇంత బేగి రాదు!" అని కళ్లు తుడుచుకుంటూ అరిచింది.

టీచరమ్మ నీటి అంచుదాకా నడిచి వచ్చి ఆగింది. గిన్నె కోసం చెయ్యి చాచింది. పైడిరాజు వెనక్కి రెండడుగులు వేసి, నిండుగిన్నె తొణక్కుండా ఆవిడ చేతికిచ్చాడు. ఒడ్డుకి మాత్రం రాలేదు. మళ్లీ మోకాళ్ల లోతుకి పోయి, అక్కడినుంచి ఆవిడకేసి తిరిగి నిలబడ్డాడు. నీళ్లు కారుతున్న ముఖం వెలిగిపోతోంది. లోపలికి వెయ్యడానికి కుడిపాదం అప్పటికే ఇసుక మీదనుంచి లేచి ఉంది.

"టీచరమ్మా, ఇంకా ఎంత లోపలికి వెళ్లమంటారు?"

అతని వెనక ఐదో అల లేస్తోంది. ఆవిడ దాన్ని చూసింది, అతన్ని చూసింది.

"ఆ సంగతి నాతో ఎందుకురా? అటు తిరుగు."