గిడ్డయ్య లేవని గడ్డి

అనగా అనగా, గొర్రెకూ మేకకూ ఇంకా తగాదా రాని రోజుల్లో, ఒక పెద్ద గడ్డిబీడు ఉండేది. చెట్టు లేదు, చేను లేదు, కంచె లేదు. ఎటు చూసినా గడ్డే. ఆ బీడు అంచున గొర్రెల కాపర్లు బతికేవాళ్లు. గడ్డి ఉంటే గొర్రె, గొర్రె ఉంటే గంజి. గడ్డి పోతే మూటాముల్లె కట్టుకుని ఊరు వదలాల్సిందే.

వాళ్లలో గిడ్డయ్య ఒకడు. ఆయనకు వచ్చిన విద్య నిద్ర ఒక్కటే. గొంగడి పరిస్తే నిద్ర, పరవకపోయినా నిద్ర. మందను భార్య సుంకమ్మే మేపేది.

ఏటా వానలకు ముందు కాపర్లు ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. బూడిద మీద వాన పడితే లేతగడ్డి వస్తుందని. ఆ ఏడూ కాగడాలు పట్టుకుని వచ్చారు. చూస్తే బీడు నడుమ వాగు, ఆ వంకకు అవతల, పడమటి వాలులో, నడుమెత్తు గడ్డిలో గిడ్డయ్య పడుకుని ఉన్నాడు.

మొదట బావమరిది మద్దిలేటి పోయాడు.

"లే బావా, నిప్పు పెడుతున్నాం."

"పెట్టుకోండి. నేను వద్దన్నానా?"

"నువ్వు కాలిపోతావు!"

"అయితే పెట్టొద్దు."

తర్వాత ఊరిపెద్ద ఉరుకుందప్ప పోయాడు.

"ఒరే గిడ్డిగా, లేస్తావా లేదా?"

"లేస్తాను పెద్దయ్యా."

"ఎప్పుడు?"

"నిద్ర తీరినాక."

చివరికి సుంకమ్మ పోయింది.

"ఏమయ్యో, లే. సంగటి పెడతాను."

గిడ్డయ్య ఒక కన్ను తెరిచాడు. "ఇక్కడికే తీసుకురా."

"నలుగురం మోసుకుపోదాం" అన్నాడు మద్దిలేటి.

సుంకమ్మ కొంగు దోపింది. "నలుగురు మోసేది పీనుగునురా! నా మొగుడు బతికే ఉన్నాడు. చెయ్యి వేస్తే చూడు!"

ఎవరూ చెయ్యి వేయలేదు. గిడ్డయ్యను తిట్టుకుంటూ వంక ఇవతలే కాల్చుకున్నారు.

మృగశిర పోయింది, వాన లేదు. ఆరుద్ర పోయింది, వాన లేదు. పునర్వసు పోయింది, వాన లేదు. గాలికి ముందు బూడిద లేచిపోయింది, తర్వాత మన్ను లేచిపోయింది. గొర్రెల పక్కటెముకలు బయటపడ్డాయి. జనం మూటలు కట్టారు.

అప్పుడు గొర్రెలే వంక దాటాయి. కాలని పడమటి వాలులో ఎండుగడ్డి పీక్కుతిన్నాయి. అరకడుపే, అయినా బతికాయి. కుందేళ్లూ పూరేడు పిట్టలూ అప్పటికే అక్కడ చేరి ఉన్నాయి. ఒక గొర్రె గిడ్డయ్య చెవి నాకితే, "ఇప్పుడేగా పడుకున్నాను" అని కసిరాడు.

ఆలస్యంగా వాన పడింది. పడమటి వాలు నుంచి గాలికి కొట్టుకొచ్చిన గింజలు ఇవతల మొలిచాయి. జనం మూటలు విప్పారు.

ఉరుకుందప్ప చేతులు జోడించాడు. "గిడ్డయ్యా, వాన రాదని నీకు ముందే తెలుసా?"

"వాన రాలేదా?" అన్నాడు గిడ్డయ్య.

చాలా ఏళ్లకు ఆయన ఆ గడ్డిలోనే పోయాడు. పోయింది గిడ్డయ్య కాబట్టి పొద్దు గూకేదాకా ఎవరికీ తెలియలేదు.

మరుసటి ఎండాకాలం మద్దిలేటి కాగడా పట్టుకుని వచ్చాడు. "బావ లేడు కదక్కా, ఇక బీడంతా కాలుద్దాం."

"ముందు ఆయన్ను లేపు" అంది సుంకమ్మ.

"చచ్చినవాడు ఎట్లా లేస్తాడక్కా?"

"బతికుండగా లేచాడా?"

మద్దిలేటి కాగడా ఆర్పేశాడు.

ఇప్పటికీ ఆ బీడులో నిప్పు పెట్టే ముందు మూడుసార్లు కేకేస్తారు: "గిడ్డయ్యా, లే!" ఎవరూ లేవరు. ఒక వైపు గడ్డి కాల్చకుండా వదిలేస్తారు. ఏటా ఒకే వైపు కాదు, ఒక్కో ఏడు ఒక్కో వైపు. అదేమిటని అడిగితే అక్కడి ముసలివాళ్లు కోప్పడతారు.

"నిద్రలో మనిషి దొర్లడా ఏంది?"