దీవెనమ్మ సున్నం

దగ్గరికి జరగండమ్మా, వెనకవాళ్ళకూ వినపడాలి. సముద్రం మన పాలేనికి ఇంకో ఆమడ అవతల ఉన్న రోజులవి. దీవెనమ్మ అని ఒక ఒంటరి ముసలమ్మ ఉండేది. గుల్లలు ఏరేది, బట్టీలో కాల్చేది, సున్నం అమ్మేది. పాలెంలో యేసు నామం మొదట పలికింది కూడా ఆమే.

ఆ మాట దొర చెవిన పడింది. కోపంతో బట్టీ దగ్గరికే వచ్చాడు.

"ఏమే ముసలీ, ఆ యేసును ఎరగనని అను. వదిలేస్తా."

"ఎరిగినవాణ్ణి ఎరగనని ఎట్టా అనేది దొరా?"

"బట్టీలో వేయిస్తా. చావాలని ఉందా?"

"అమ్మో, లేదు దొరా! ఇంకా రెండు గంపల గుల్లలు కాల్చాలి. నన్ను పోనీయండి."

విన్నారా? చావు కోరుకున్న మనిషి కాదు. సాక్షి అంటే తనకు తెలిసింది చెప్పే మనిషి. చెప్పినందుకు చంపితే హతసాక్షి.

దొర మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "ఎరుగుదును దొరా" అంది. బట్టీలో వేయించాడు.

దొర ఒట్టి పిసినారి. "కాలిన సున్నం ఎవడైనా పారబోస్తాడా?" అని, ఆ సున్నంతోనే తన మేడకు వెల్ల వేయించాడు.

మొదటి రోజు గోడ వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిలా. "ఎండ" అన్నాడు దొర. మళ్ళీ వెల్ల వేయించాడు.

రెండో రోజు గోడ మీద అరచెయ్యి అచ్చు. తడిగా. "పనివాళ్ళ పొగరు" అన్నాడు. మళ్ళీ వేయించాడు. అచ్చు పోలేదు.

మూడో రోజు గోడ ఊపిరి తీసుకుంది. దొర చెవి ఆనించాడు. లోపల దీవెనమ్మ గొంతు, గుసగుసగా.

"తండ్రీ, దొరను క్షమించు."

దొర గోడను గుద్దాడు. "తిట్టవే! శపించవే!"

గొంతు ఆగింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

"తండ్రీ, దొరను క్షమించు."

శాపమైతే తట్టుకునేవాడే. దీన్ని తట్టుకోలేకపోయాడు. ఆ అచ్చులో తన అరచెయ్యి పెట్టి, పనివాళ్ళందరూ వినేలా అరిచాడు: "నేనే చంపాను దీవెనమ్మా, నేనే చంపాను."

గోడ చల్లారింది.

తర్వాత దొర ఏమయ్యాడో నాకు తెలీదు. తెలియనిది చెప్పను.

ఇప్పటికీ క్రిస్మస్‌కు వెల్ల వేస్తే, మన పాలెంలో తలుపు పక్కన తడి సున్నం మీద అరచెయ్యి వేస్తాం. మనకు కీడు చేసినవాళ్ళ పేరు పైకి చెప్పి, "తండ్రీ, క్షమించు" అంటాం. పేరు దాచుకుంటే గోడ చల్లారదు.

నిరుడు నేనూ దాచుకున్నాను. మూడు రోజులు మా ఇంట్లో ఎవరమూ ఆ గోడకు వీపు ఆనించలేకపోయాం. నాలుగో రోజు పేరు చెప్పాను.