గెంతులమ్మ కర్ర

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, కర్రాబిళ్ళ ఆడుకునే చదునైన నేల ఉండేది. ఆట ఉన్నచోట తగువు లేకుండా ఉంటుందా? వినండి పిల్లలూ.

ఒక రోజు పొద్దుగూకేలోపు కొండవతలి పందులతో పందెం పడింది. గెలిచినవాళ్ళదే ఆ నేల. పందుల చేతికి పోయిందంటే ఇంకేముంది, దుంపల కోసం కుళ్ళగించేస్తాయి.

జట్టుకి పెద్దదిక్కు ముసలి తాబేలు చిప్పన్న. ఇరవై ఏళ్ళు ఆడినవాడు. ఇప్పుడు చూపు ఆనక గట్టు మీద కూర్చుంటాడు. జట్టులో గట్టి ఆటగాళ్ళు నక్క, కోతి. అవి ఆట మొదలుపెడితేగా! పొద్దున్నుంచీ ఒకటే గొడవ. ఇరవై ఏళ్ళు ఆడిన చిప్పన్నే గొప్పంటుంది నక్క. కాదు, మూడేళ్ళే ఆడినా కొట్టిన ప్రతి బిళ్ళా వాగు దాటించిన కుందేలు గెంతులమ్మే గొప్పంటుంది కోతి. పాపం, ఆమె ఎప్పుడో కాలు విరిగి ఆట మానేసింది.

"ముందు సాధన చెయ్యండ్రా," అన్నాడు చిప్పన్న. వినలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. మళ్ళీ చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పొద్దు వాలింది. మూడోసారి చెప్పబోతుండగా నక్కకి దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. అప్పట్లో చిప్పన్న, గెంతులమ్మ కొట్టిన బిళ్ళలు పడ్డ చోట్ల దాకా కర్రతో కొలిచి తేల్చేద్దామంది. జట్టంతటికీ ఉన్నది ఒకటే చింతకర్ర. నేను కొలుస్తానంటే నేనని నక్కా కోతీ చెరో కొసా పట్టుకుని లాగాయి. కర్ర ఫట్‌మని రెండు ముక్కలైంది.

అప్పుడే పందులొచ్చాయి. కర్ర లేని జట్టు ఓడినట్టే, అది పాత కట్టుబాటు. నేల పోయింది.

పందులు తవ్వడం మొదలెట్టాయి. అంత జరిగాక కూడా నక్క మెల్లగా దగ్గరికొచ్చి, "ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరు గొప్ప తాతా?" అంది.

చిప్పన్నకి తల బాదుకోవాలనిపించింది. చెయ్యి అందక ఊరుకున్నాడు.

"ఆ మూడేళ్ళూ గెంతులమ్మ పక్కన నిలబడి ఆట నేర్చుకున్నాను. కాలు విరిగిన రోజు తన కర్ర నా చేతిలో పెట్టింది. తక్కిన పదిహేడేళ్ళూ ఆ కర్రతోనే ఆడాను. మీరు విరగ్గొట్టింది దాన్నే," అన్నాడు.

కోతి రెండు ముక్కలూ ఏరి తెచ్చి, అతికించి చూసింది. అతకలేదు.

నీతి: పెద్దల గొప్పతనం కొలుస్తూ కూర్చుంటే, వాళ్ళు చేతికిచ్చింది కూడా విరిగిపోతుంది.