బజారుకెళ్ళిన కన్నం

పిల్లలూ, గోడలో ఉన్న కన్నాన్ని బజారుకి ఎలా తీసుకెళ్ళాలో చెప్పండి చూద్దాం. తెలియదా? శోభనాద్రికి తెలుసు.

తణుకులో శోభనాద్రి, మాణిక్యాంబ అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. "ఇంత తెలివి ఒక్క ఇంట్లోనే ఉండిపోవడం వీధికి అన్యాయం కదుటండీ" అనేది ఆవిడ. "ఏం చేస్తాం, మనకి పెళ్ళయిపోయింది" అనేవాడు ఆయన.

వాళ్ళ కూతురు హైమ పురిటికి వచ్చి, పసివాడితో అక్కడే ఉంది. వాడికి కునుకు పడితే చాలు, ఎవరో ఒకరు బాత్రూమ్‌కి వెళ్ళేవారు. అందులో లైటుకీ, గాలి బయటికి తోసే ఫ్యాన్‌కీ ఒకటే స్విచ్. లైటు వేస్తే ఫ్యాన్ పిండిమరలా మోగేది. అంతే, వాడు గుక్కపట్టి ఏడుపు.

"నాన్నా, నిద్ర లేక వీడు చిక్కిపోతున్నాడు. ఇవాళ ఆ ఫ్యాన్ మార్చకపోతే మా అత్తగారింటికి వెళ్ళిపోతాను" అంది హైమ.

మనవణ్ణి వదులుకుంటారా? శోభనాద్రి కొట్టుకి పరిగెత్తాడు. కొట్టతను "ఫ్యాన్ పెట్టే కన్నం ఎంతుందో కొలత తీసుకురండి బాబాయ్ గారూ" అన్నాడు.

ఇంకేముంది, ఇంటికొచ్చి, స్టూలెక్కి, పాత ఫ్యాన్ ఊడదీసి, కన్నం చుట్టూ చేతులు గుండ్రంగా పెట్టాడు. చేతులు అలాగే బిగబట్టుకుని దిగాడు. మాణిక్యాంబ ముందు నడిచి తలుపు తీసింది, గేటు తీసింది. "తప్పుకోండి, మా ఆయన కన్నం తీసుకెళ్తున్నారు" అని వీధిలో ఆవుని కూడా అదిలించింది.

సందు మలుపులో హెడ్మాస్టరు గారు ఎదురై నమస్కారం పెట్టారు. పెద్దమనిషికి తిరిగి పెట్టకపోతే మర్యాదేనా? శోభనాద్రి రెండు చేతులూ జోడించాడు. అంతే.

"పడేశారా?" అంది మాణిక్యాంబ.

"ఇక్కడే ఉంటుందిలే. చూసి అడుగెయ్యి, అందులో కాలు పడగలదు."

ముగ్గురూ రోడ్డంతా వెతికారు. అవును, హెడ్మాస్టరు గారు కూడా.

దొరక్క, చివరికి పాత ఫ్యాన్‌నే కొట్టుకి పట్టుకెళ్ళారు. కొట్టతను అదే సైజు కొత్తది ఇచ్చి, బిగించడానికి మనిషిని పంపుతూ, "చప్పుడుండదు. లోపలి గాలినంతా బయటికి తోసేస్తుంది" అన్నాడు.

మాణిక్యాంబ మొగుణ్ణి పక్కకి లాగింది. "గాలంతా పోతే మనవడు ఏం పీలుస్తాడండీ?"

ఇంకేముంది, ఫ్యాన్ తిరగగానే ఆవిడ పెరట్లో నిలబడి, బయటికొచ్చే గాలిని దిండు గలేబుల్లో పట్టి మూతి కట్టడం, ఈయన మోసుకొచ్చి ఉయ్యాల దగ్గర విప్పడం. ఏ గదిలోంచి వచ్చిన గాలో ఆలోచించండి. ముక్కులు మూసుకున్నారుగా, సరిగ్గానే ఆలోచించారు.

అయినా చప్పుడు లేదు కదా, పసివాడు హాయిగా నిద్రపోయాడు. అలిసిపోయిన హైమ కూడా పడుకుంది.

"నిజంగా నిద్రపట్టినట్టేనంటావా?" అన్నాడు శోభనాద్రి.

"మనకేం తెలుస్తుంది, వాణ్ణే అడగండి."

పిలిచారు, పలకలేదు. ఇద్దరూ ఇత్తడి పళ్ళేలు తెచ్చి ఉయ్యాల పక్కన మోగించారు. వాడు అదిరిపడి లేచి, వీధి చివరిదాకా వినపడేలా అందుకున్నాడు.

"బాబూ, నీకు బాగా నిద్రపట్టిందా?" అని అడిగాడు తాతగారు.

హైమ చివాల్న లేచింది. సంచీ సర్దుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కింది. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంటూ గేటు దాకా వెళ్ళింది.

"అమ్మాయ్, అక్కడ వాడికి నిద్రపట్టగానే లేపి, ఫోన్లో మాకు చెప్పించు."

సరే, మీరు నవ్వుతూ ఉండండి. సగం బట్టలు ఆరేసి వచ్చాను, మిగతావి బకెట్లోనే ఉన్నాయి.