ఎలుకమ్మ ఏడు దారులు

వరిచేల నడుమ ఒక గట్టు. ఆ గట్టులో ఎలుకమ్మ కాపురం. పంట పంటకీ కలుగులోంచి బయటికి ఒక కొత్త దారి తవ్వుకోవడం ఆమెకు అలవాటు. పాతదాన్ని మాత్రం పూడ్చేది కాదు. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అనేది. అలా దారులు ఏడయ్యాయి.

ఇప్పుడు ఆమెకు నెలలు నిండాయి. పిల్లలకు గది కావాలి. ఎటు తవ్వినా కాలు ఏదో ఒక పాత దారిలోకే దిగబడుతోంది!

గట్టు మీంచి నక్క ఇదంతా చూసింది.

"ఏడెందుకు మరదలా? మొన్న తవ్విన కొత్తది ఒక్కటి ఉంచుకో. మిగతా ఆరూ పూడ్చెయ్యి."

"మంచి మాట చెప్పావు బావా!"

నక్క అటు వెళ్లగానే ఎలుకమ్మ మట్టి తెచ్చి గబగబా కుక్కడం మొదలెట్టింది. పక్క బొరియలోంచి పీతత్త తొంగి చూసింది.

"ఆగవే! ఇప్పుడు నువ్వు ఏ దారిన లోపలికొచ్చావు?"

"కొత్తదాన్నుంచే."

"మరి మట్టి కుక్కుతున్నది ఏ దారిలో?"

ఎలుకమ్మ తేరిపార చూసింది. కొత్తదాన్లోనే! "అయ్యో, నా మతి మండ!"

"నడుస్తున్న దారి ఏదో ముందు చూసుకోవాలమ్మా. ఆ తర్వాత అన్నిటికన్నా పాతదాన్నుంచి పూడ్చుకుంటూ రా. ఐదు పూడ్చి ఆగు."

"ఆరోది? బావ అదీ వద్దన్నాడే!"

"కొత్తది ఇంకా ఒక్క వాన చూడలేదు. ఆరోదాన్లో పంటకాలమంతా తిరిగావు. దాన్ని ఉండనీ. మీ బావ ఎందుకు వద్దన్నాడో తర్వాత తెలుస్తుందిలే."

ఎలుకమ్మ ఐదూ పూడ్చింది. గట్టి నేల దొరికింది, గది అమరింది, నలుగురు పిల్లలు పుట్టారు.

మూడోనాడు పొద్దున్నే జడివాన. కొత్త దారి ముందు నక్క!

"ఉన్నది ఒక్క దారే, ఎక్కడికి పోతావు మరదలా?" అంటూ తవ్వసాగింది.

మరుక్షణం ఎలుకమ్మకు ఆరో దారి గుర్తొచ్చింది. ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని, అటునుంచి అవతలి చేలోకి చేర్చింది. ఇటు నానిన మట్టి కూలి నక్క మూతి చెవులదాకా కూరుకుపోయింది. పక్కనున్న తన బొరియలోకి పొడుచుకొచ్చిన ముక్కును పీతత్త కసుక్కున పట్టింది. ఎలాగో విడిపించుకున్న నక్క, కుయ్యోమొర్రోమంటూ వెనక్కి చూడకుండా పరుగు తీసింది.

"నలుగురూ ఉన్నారత్తా!" ఎలుకమ్మ ఊపిరి పీల్చుకుంది. "కూలిన దారి మళ్లీ తవ్వుకోనా?"

"తవ్వుకో. అది ఒక వానకు నిలిచేదాకా ఆరోదాని జోలికెళ్లకు."

కలుగులో దారులైనా, కంప్యూటర్లో కొత్తది వచ్చినప్పుడల్లా పోగుపడే ప్రోగ్రాం వెర్షన్లైనా, నడుస్తున్నదాన్నీ, దానికి ముందు బాగా నడిచినదాన్నీ ఉంచుకుని, మిగతా పాతవి తీసేస్తేనే చోటూ ఉంటుంది, ధైర్యమూ ఉంటుంది.