చెంగమ్మ వంతు

నాగలింగం ఆ ప్రశ్న అడగడం అది ఎన్నోసారో సిద్ధలింగయ్య గారు లెక్క పెట్టుకోవడం మానేశారు. నేతవీధి మొత్తానికి పత్రిక చదివేంత చదువొచ్చిన నేతగాడు నాగలింగం ఒక్కడే. రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పత్రికను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే చదివేవాడు. చదివి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. సాయంత్రం తత్త్వం చెప్పించుకుంటానని గురువు సిద్ధలింగయ్య గారింటికి వచ్చి, తత్త్వం పక్కన పెట్టి, జర్మనీ సంగతి ఎత్తుకునేవాడు.

"అది కాదయ్యా, వాళ్ళేమన్నా మనలాంటోళ్ళా? ఇంత లావు యంత్రాలు చేసినోళ్ళు, మందులు కనిపెట్టినోళ్ళు. పనుల్లేక పస్తులున్నారు, ఒప్పుకుంటా. అంతమాత్రాన దేశాన్ని తీసుకెళ్ళి ఒక్కడి చేతిలో పెడతారా? వాడు పక్కింటోణ్ణి ఈడ్చుకుపోతుంటే ఇంతమందిలో ఒక్కడికీ నోరు పెగల్లేదా? ఇప్పుడు యుద్ధమొచ్చి లోకమంతా తగలబడుతోంది. ఆ జనాన్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోందయ్యా."

అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు సిద్ధలింగయ్య గారికి లేదు. ఆ సాయంత్రం మాత్రం ఆయనకు విసుగు ఆగలేదు. మర్నాడు వీధిలో పడుగు సాగదీసే వంతు అక్కడే నేసుకు బతికే చెంగమ్మది. ముందురోజు బావి దగ్గర ఆమె నోరు జారిన సంగతి ఆయన చెవిన పడింది.

"రేపు తెల్లారేసరికి వచ్చి మా అరుగు మీద కూర్చో. ఈలోగా నన్నింకేం అడక్కు," అన్నారు.

ఆ వంతుల గొడవ కొంచెం చెప్పాలి. మగ్గం మీద నిలువునా ఎక్కించే నూలును పడుగంటారు. దానికి గంజి పట్టించి, తడి ఆరకముందే వీధి పొడుగునా సాగదీసి, పోగులు విడివిడిగా ఉండేలా కుంచె పట్టాలి. ఆలస్యమైతే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక ఆ నూలు నేతకు పనికిరాదు. వీధి ఒక్కటే, ఇళ్ళు నలభై. అందుకని వారానికోసారి పెద్దలు అరుగు మీద చేరి, కాసేపు తిట్టుకుని, కాసేపు నవ్వుకుని, ఎవరి వంతు ఏ రోజో తేల్చేవారు. తాతల నాటి నుంచీ అంతే.

ఎనిమిదేళ్ళ కిందట ఆ మాయదారి మాంద్యం వచ్చింది. బట్ట కొనేవాడు లేడు, నూలు ఇచ్చేవాడు లేడు. నెలకో రెండు నెలలకో నూలొస్తే నలుగురికీ ఒక్కసారే వచ్చేది, ఇక వీధి ముందు నాకంటే నాకని కొట్లాట. పెద్దల కూటమి మూడు వారాలు వరసగా కూర్చుని ఏమీ తేల్చలేకపోయింది, నాలుగో వారం ఇద్దరి తలలు పగిలాయి. సరిగ్గా అప్పుడే బుచ్చిలింగం రంగూను రేవులో పని పోగొట్టుకుని తిరిగొచ్చాడు. నిలువెత్తు మనిషి, చేతిలో కర్ర, గొంతు ఖంగుమంటుంది. వీధిని అతని చేతిలో పెట్టేద్దామని ముందుగా అన్నది ఎవరనుకున్నారు? మన నాగలింగమే. "మాటలతో పొద్దుపోతోంది, గట్టిగా చెప్పేవాడు ఒకడుండాలి" అన్నాడు. నలభై ఇళ్ళూ హమ్మయ్య అనుకున్నాయి. వారం తిరక్కుండా వీధి సద్దుమణిగింది. కూటమి ఇక అక్కర్లేదన్నాడు బుచ్చిలింగం, సరేనన్నారు. వంతుల పట్టీ గోడ మీద బొగ్గుతో రాసే పని నాగలింగానికి అప్పగించాడు, అతను మురిసిపోయాడు. తర్వాత ఎదురుచెప్పినవాళ్ళ వంతులు ఒక్కొక్కటే ఎగిరిపోవడం మొదలైంది. మొదట పోయింది ఎక్కడినుంచో వచ్చి అద్దెకున్నవాడిది, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారేసరికి చెంగమ్మ గంజి పట్టించిన పడుగును భుజాన వేసుకుని వచ్చింది. మొగుడు పోయిన మనిషి. రెండు నెలలు తిరిగితే దొరికిన నూలు అది, అది చెడితే మళ్ళీ ఇచ్చేవాడు లేడు. బుచ్చిలింగం కర్ర అడ్డం పెట్టాడు.

"ఈ వారం నీకు వంతు లేదు."

"అదేంటి నాయనా, గంజి కూడా పెట్టేశాను."

"మా బావమరిదికి వారంలో రెండు వంతులెట్టా వచ్చాయని బావి కాడ అడిగావంట కదా. అడుగుతా కూర్చో."

నలభై గుమ్మాల్లోనూ మనుషులున్నారు. ఒకడు పళ్ళు తోముకుంటున్నాడు, ఒకడు ఆకాశం చూస్తున్నాడు. సిద్ధలింగయ్య గారు అరుగు దిగి, "ఇవాళ ఆమె వంతేరా" అన్నారు. "మీకు మగ్గం లేదు గదయ్యా, మీకెందుకు?" అన్నాడు బుచ్చిలింగం, మర్యాదగానే.

అప్పుడు చెంగమ్మ అరుగు మీద కూర్చున్న నాగలింగం వైపు తిరిగింది. "నాగలింగం, నువ్వు చదువుకున్నోడివి. పట్టీ రాసింది నువ్వు. ఇయ్యాల నా పేరుందా లేదా, అదొక్కటే చెప్పు."

ఎదురుగా గోడ మీద ఆమె పేరు అతని గుండ్రటి అక్షరాల్లో కనిపిస్తూనే ఉంది. దాని కిందే మర్నాటికి అతని పేరు. ఇంట్లో రెండు పడుగులు సిద్ధంగా ఉన్నాయి, మూడు నెలల తర్వాత వచ్చిన పని. ఈ ముసలిది పోయి పోయి నన్నే అడగాలా అని అతనికి చిరాకు వచ్చింది. ఆ చిరాకు చూసి అతనికే సిగ్గేసింది.

"ఏదో పొరపాటు పడుంటుంది అత్తా," అన్నాడు. "వచ్చే వారం చూద్దాంలే."

బుచ్చిలింగం ఉమ్మి తడిచేసిన బొటనవేలితో ఆ పేరు తుడిచేశాడు. సిద్ధలింగయ్య గారు పడుగు ఒక కొస తన భుజాన వేసుకుని, ఆమెతో కాలవగట్టు మీదికి నడిచారు. గట్టు మీద గాలి, దుమ్ము. సాగదీసి పట్టుకోవడానికి కనీసం నలుగురు కావాలి. వెనకాల ఎవరూ రాలేదు.

ఆ సాయంత్రం నాగలింగం గురువు గారింటికి పత్రిక లేకుండా వచ్చాడు. ఆయన నేల మీద కూర్చుని, ఒళ్ళో అట్టలు కట్టిన పడుగు వేసుకుని, అతుక్కుపోయిన పోగుల్ని గోటితో ఒక్కొక్కటే విడదీస్తున్నారు. విడదీసినవి విడదీసినట్టే తెగిపోతున్నాయి. పక్కన చెంగమ్మ కూడా అదే పని చేస్తోంది, తల ఎత్తలేదు.

గురువు గారు అడిగారు. "నిన్న ఏదో అడిగావు, ఆ దేశపోళ్ళ గురించి. ఏంటది, మళ్ళీ అడుగు."

నాగలింగం వంగి ఒక పోగు అందుకోబోయాడు, అది తెగిపోయింది.

"సరేలే," అన్నారు సిద్ధలింగయ్య గారు, పోగుల మీద నుంచి చూపు తిప్పకుండా. "రేపు నీ వంతు కదా. వెళ్ళి గంజి కాచుకో."